పగటి పొగ

(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం నాడు విజయనగరంలో నర్సింగ్ విద్యార్థులు, పట్టణ ప్రజల ఎదుట ఒక స్టాఫ్ నర్సు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో కూర్చున్న నర్సింగ్ పిల్లలను చూస్తుంటే నా చదువు రోజులు గుర్తొస్తున్నాయి. ఈ రోజు మాట్లాడేది ముఖ్యంగా మీతోనే. పెద్దలు కూడా వినండి.

నేను సవర మనిషిని. మా ఊరు గుమ్మలక్ష్మీపురం మండలంలో ఒక కొండవాలున ఉంది. మా మామ్మ పుట్టినప్పుడు ఆ ఊరు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది, నేను ఆ జిల్లాలో పుట్టాను. 1979లో విజయనగరం జిల్లా వచ్చింది, మా తమ్ముడు ఈ జిల్లా బిడ్డ. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా అయింది, నా మనవరాలు ఆ జిల్లాలో పుట్టింది. ఒకే ఇంట్లో నలుగురికి నాలుగు జిల్లాలు. కొండ మాత్రం ఒక్క అడుగు కదలలేదు. కాగితం మీద మా ఊరు ఎన్నిసార్లు మారినా మాకు చిరునామా ఆ కొండే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

మా ఇంట్లో ఒక అలవాటు ఉండేది. మా అమ్మ తొలికోడి కూయకముందే పొయ్యి వెలిగించేది. అంబలి, కూర, ఏది వండినా తెల్లవారేలోపు దించేసి, నిప్పు మీద బూడిద కప్పేసేది. పగలంతా చల్లారిన తిండే. వానాకాలంలో వణుకుతూ బడి నుంచి వచ్చినా వేడి నీళ్లు కాచేది కాదు. చీకటి బాగా పడ్డాకే మళ్లీ పొయ్యి. అది సవరల ఆచారం కాబోలని చిన్నప్పుడు అనుకునేదాన్ని. పక్క ఊరి మేనత్త ఇంట్లో మిట్టమధ్యాహ్నం అన్నం ఉడకడం చూసి ఆశ్చర్యపోయాను.

ఉద్యోగం వచ్చాక ఆసుపత్రి క్వార్టర్‌లో నేనూ అంతే. మూడున్నరకు మెలకువ వచ్చేది, అయిదు గంటలకల్లా వంట ముగిసేది. అది గ్యాసు పొయ్యి. మా అమ్మాయి అయిదో తరగతిలో ఉండగా ఒక సెలవు రోజున అడిగింది: "అమ్మా, పగలు వండితే ఏమవుతుంది?" నా దగ్గర సమాధానం లేదు. పండుగకు ఊరెళ్లినప్పుడు అదే ప్రశ్న మా అమ్మను అడిగాను. ఆమె నా ముఖంలోకి చూసి, చేతిలో ఉన్న చేట కింద పెట్టి, పశువుల దగ్గరికి వెళ్లిపోయింది. ఆ ప్రశ్నకు జవాబు రావడానికి నాలుగేళ్లకు పైగా పట్టింది.

అమ్మ భయం బిడ్డ చేతిలోకి, బిడ్డ నుంచి మనవరాలి ప్రశ్నలోకి ఇలా వస్తుంది. దీన్ని తరాల గాయం అంటున్నారు. ఇది రక్తంలోనే దిగుతుందా అని నన్ను చాలామంది అడిగారు. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో వచ్చిన కరువు సమయంలో తల్లి కడుపులో ఉన్న బిడ్డల మీద పెద్ద పరిశోధనలే జరిగాయి. ఆ ఆకలి జాడ దశాబ్దాల తర్వాత కూడా వారి ఒంట్లో కనిపించిందని అవి చెబుతున్నాయి. అయితే మా ఇంటి పొగ సంగతికి జన్యువుల దాకా వెళ్లనక్కర్లేదు. నేను మా అమ్మను చూసి నేర్చుకున్నాను. కారణం చెప్పకుండా నేర్పిన భయం కారణం చెప్పి నేర్పిన దానికంటే గట్టిగా అంటుకుంటుంది.

భయం ఎక్కడి నుంచి వచ్చిందో కొంత చెప్పాలి. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. తాతలనాటి నుంచి పోడు కొట్టి కొర్ర, సామ, చోడి, జొన్న, కంది కలిపి చల్లుకున్న వాలుల్లో కొన్ని రిజర్వు అడవి అయ్యాయి. నిన్నటిదాకా పొలం, ఇవాళ నేరం. కింద గెడ్డ (వాగు) పక్కన ఉన్న మడి చెక్కలేమో షావుకారు పద్దులోకి జారిపోయాయి. వానాకాలంలో తిండిగింజలు అప్పు తెచ్చుకోవడం, పంట రాగానే కళ్లంలోనే కొలిచి ఇచ్చేయడం, అయినా పద్దు తీరకపోవడం, చివరికి ఆ ఇంటికే కంబారిగా, అంటే పాలేరుగా కుదరడం. ఏజెన్సీ భూములు బయటివారికి పోకుండా 1917లోనే చట్టం ఉంది. కాగితంలో ఆ చట్టం ఉండగానే కళ్లముందు భూములు పోయాయి. అందుకే మా పెద్దలకు కాగితమంటే నమ్మకం లేదు, కాగితం పట్టుకున్న మనిషంటే భయం.

1967 అక్టోబర్ 31న మొండెంఖల్లులో జరిగే గిరిజన సభకు వెళ్తున్నవారి మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు దాడి చేశారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు చనిపోయారు. ఆ కేసులో నిందితులు విడుదలయ్యారు. ఆ తర్వాత మూడేళ్లు, శ్రీకాకుళం గిరిజన సాయుధ పోరాటం రోజుల్లో, మా కొండల్లో ఏం జరిగిందో ఈ జిల్లాల్లో పెద్దవాళ్లందరికీ తెలుసు. ఉద్యమం గురించి ఎవరి అభిప్రాయం వారికి ఉంటుంది, దాని మీద తీర్పు చెప్పడానికి నేను రాలేదు. ఆ మూడేళ్లలో ఊళ్లు వదిలి అడవిలో తలదాచుకున్న ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్ల గురించి మాట్లాడుతున్నాను. వారిలో చాలామంది చరిత్ర పుస్తకాల్లో లేరు. మా ఆసుపత్రి ఓపీ వరుసలో ఉన్నారు.

అవును, ఓపీలోనే. ముప్పై ఏళ్లకు దగ్గరగా చూస్తున్నాను. కొండ మీద నుంచి ఒక పెద్దావిడ వస్తుంది. గుండె దడ, కడుపులో మెలి, నిద్ర పట్టదు. ఈసీజీ తీస్తే బాగానే ఉంటుంది, రక్తపరీక్షలు బాగానే ఉంటాయి. బలానికి మాత్రలు రాసి పంపిస్తారు. నెల తిరగకుండా మళ్లీ వస్తుంది. "ఈమెకు ఏమీ లేదు" అని చీటీ మీద రాసిన రోజులు నాకూ ఉన్నాయి. ఆ రాత ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. ఒకసారి అలాంటి ఒకావిడకు బీపీ చూస్తూ, ఊరికే, "మీ కొండ పేరేమిటమ్మా, ఈ ఏడు ఏం చల్లారు?" అని సవరలో అడిగాను. అరగంట మాట్లాడింది. తన కొండ పేరు, దాని మీద ఊట పేరు, ఆ ఊట పక్కన ఒకప్పుడు ఉన్న తన ఇల్లు, అక్కడి నుంచి ఎందుకు దిగి రావలసి వచ్చిందో, దిగి వచ్చిన దారిలో ఎవరిని పోగొట్టుకుందో. మధ్యలో కట్టు బిగిసి ఉన్న చేత్తోనే నా మణికట్టు పట్టుకుంది. మందులు మానేయమని నేను ఆమెకు చెప్పలేదు, మీరూ ఎవరికీ చెప్పకండి. కానీ కేస్ షీటు మీద వయసు, బరువు రాసే ముందు ఆ ఒక్క ప్రశ్న అడగండి. మా మనుషులకు "మీ బాధ చెప్పండి" అంటే మాట రాదు. "మీ కొండ గురించి చెప్పండి" అంటే బాధ దానంతటదే వస్తుంది.

మాట్లాడటానికి భాష కూడా ఉండాలి. నేను చదివిన ఒక హాస్టల్ బడిలో సవర మాట్లాడితే బెత్తం దెబ్బ పడేది. చెట్టు పేరు, పిట్ట పేరు, ఊట పేరు, చనిపోయినవారితో మాట్లాడే మాట, అన్నీ ఆ భాషలోనే ఉన్నాయి. అది నోట్లో నుంచి పోతే కొండ కళ్లముందే ఉన్నా మూగదైపోతుంది. ఇదే గడ్డ మీద పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి గారు మా భాష నేర్చుకుని, మా పిల్లలకు ఆ భాషలో బడి పెట్టారు, నిఘంటువు కూర్చారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోగొట్టుకున్నారు. మా మాట వినడం కోసం చెవులే ఇచ్చిన మనిషి ఆయన. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజు నాడు తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటారు కదా, ఆ రోజు ఆయన సవర పనిని కూడా తలచుకోండి.

ఈ బాధ మాకొక్కరికే వచ్చింది కాదు. అమెరికాలో లకోటా అనే ఆదివాసీ జాతి ఉంది. 1890 డిసెంబర్ 29న ఉండెడ్ నీ అనే చోట సైన్యం వారిలో వందల మందిని చంపింది, ఆడవాళ్లు, పిల్లలతో సహా. ఆ జాతి ఆడబిడ్డ, మరియా యెల్లో హార్స్ బ్రేవ్ హార్ట్ అనే సామాజిక కార్యకర్త, 1980లలో తన వాళ్ల తాగుడు, ఆత్మహత్యలు, మౌనం చూసి దాన్ని "చారిత్రక గాయం" అన్నారు. ఏడవనివ్వని దుఃఖం తరం మారినా తీరదని ఆమె చెప్పారు. ఆమె మొదట చేసిన పని నాకు చాలా దగ్గరగా అనిపిస్తుంది. నలభై అయిదు మంది లకోటాలను బ్లాక్ హిల్స్ కొండలకు తీసుకెళ్లి, నాలుగు రోజులు అక్కడ ఉంచి, జరిగినదంతా చెప్పుకోనిచ్చి, ఏడవనిచ్చారు. హోటల్ గదిలోనో ఆఫీసులోనో పెట్టలేదు. లకోటాలకు ఆ కొండలు పవిత్రమైనవి. 1868 ఒప్పందంలో వారివేనని రాసిచ్చి, 1877లో లాక్కున్న కొండలు అవి. 1980లో అక్కడి సుప్రీంకోర్టు ఆ లాక్కోవడం తప్పేనని తేల్చి, పది కోట్ల డాలర్లకు పైగా పరిహారం ఇమ్మంది. లకోటాలు ఆ డబ్బు తీసుకోలేదు. ఈనాటికీ తీసుకోలేదు. పేదరికంలో ఉండి కూడా! మా కొండ మాకు కావాలి, డబ్బు వద్దు అన్నారు. ఇది చదివినప్పుడు నాకు మా మామ్మ గుర్తొచ్చింది. పోయిన మడి చెక్కకు బదులుగా షావుకారు కొడుకు ఎప్పుడో కొంత డబ్బు ఇస్తానంటే, ఆవిడ ముఖం తిప్పుకుని, "దాంతో మా అత్తను ఎక్కడ పాతిపెట్టను?" అందట.

కెనడా సంగతి ఇంకొకటి చెప్తాను. అక్కడ ఆదివాసీ పిల్లలను, 1,50,000 మందికి పైగా, తల్లిదండ్రుల నుంచి వేరుచేసి బోర్డింగ్ బడుల్లో పెట్టారు. భాష మాన్పించడం ఆ బడుల లక్ష్యాల్లో ఒకటి. మన ఆశ్రమ పాఠశాలలను వాటితో సమానం చేసి మాట్లాడటం న్యాయం కాదు, ఆ బడి వల్లే నేను ఈ వేదిక మీద ఉన్నాను. కానీ ఆ బెత్తం దెబ్బ మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే. ఆ దేశంలో బ్రిటిష్ కొలంబియా అనే రాష్ట్రంలో చాండ్లర్, లలోండ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దాదాపు 200 ఆదివాసీ సమూహాల్లో యువకుల ఆత్మహత్యలను 1987 నుంచి 1992 వరకు లెక్కగట్టారు. కొన్ని చోట్ల గుండె ఆగిపోయేంత ఎక్కువ. కొన్ని చోట్ల అసలు లేవు. ఎందుకీ తేడా? తమ భూమి కోసం పట్టుబట్టి పోరాడుతున్నారా, బడి, వైద్యం, పాలన తమ చేతుల్లో ఉన్నాయా, తమ సంస్కృతికి ఒక చోటు ఉందా, ఇలా ఆరు విషయాలు చూశారు. ఆరూ ఉన్న సమూహాల్లో ఆ అయిదేళ్లలో ఒక్క ఆత్మహత్య కూడా లేదు. నర్సింగ్ పిల్లలూ, ఇది మీ పాఠ్యపుస్తకంలో ఉన్నా లేకపోయినా నోట్సులో రాసుకోండి. కుర్రవాళ్ల ప్రాణం నిలబెట్టిన వాటిలో భూమి కోసం పట్టుదల ఒకటి.

ఇప్పుడు మా ఇంటి సంగతికి వస్తాను. సవరల్లో చనిపోయినవాళ్లు వెంటనే దూరమైపోరు. చనిపోయిన మనిషి సోనుమ్ అవుతాడు. మా భాషలో కుడాన్ అని పిలిచే పూజారి, ఎక్కువగా ఆడమనిషే, పూనకంలోకి వెళ్తుంది. ఆమె నోట చనిపోయినవారు మాట్లాడతారు. ఇంటివాళ్లు చుట్టూ కూర్చుని ఆ సోనుమ్‌తో మాట్లాడతారు, పోట్లాడతారు, ఏడుస్తారు, "నువ్వు ఎందుకు పోయావు, ఎవరు నిన్ను ఇలా చేశారు" అని అడుగుతారు. ఒకరోజుతో తీరదు, ఏళ్ల తరబడి సాగుతుంది. 1970ల నుంచి ఒడిశా వైపు సవర ఊళ్లలో ఉండి ఈ సంభాషణలు రాసుకున్న పియర్స్ విటెబ్‌స్కీ అనే మానవ శాస్త్రవేత్త ఒక విషయం గమనించాడు. కొత్తగా పోయినవాడు తన చావు బాధనే బతికున్నవారికి అంటిస్తాడట. మాట్లాడగా మాట్లాడగా ఆ బాధ నెమ్మదించి, అతను కాపాడే పెద్దగా మారతాడు. అప్పుడు తన పేరు ఒక పసిబిడ్డకు ఇస్తాడు, తన సత్తువ తన పొలంలోని గింజలో పెడతాడు. ఆ గింజ తినడమంటే పెద్దల బలం తినడం.

ఇప్పుడు ఆలోచించండి. ఆ పొలం పోతే ఏమవుతుంది? తాత తన సత్తువ ఎక్కడ పెట్టాలి? బాధగానే మిగిలిపోతాడు. తరాల గాయం అన్న మాట నేను ఇంగ్లీషు పుస్తకంలో చదవడానికి చాలా ముందే మా వాళ్లకు ఇది తెలుసు. మందు కూడా తెలుసు. ఆ మందు కలపడానికి కావలసిన నేలే చేతిలో లేకుండా పోయింది.

చాలా సవర ఇళ్లలో ఇప్పుడు ఈ పద్ధతి లేదు. కొందరు చర్చికి వెళ్తున్నారు, కొందరు గుడికి. నేను ఎవరినీ పాతదానిలోకి లాగడానికి మాట్లాడటం లేదు. కుడాన్ లేకపోయినా రాయి ఉంది, చెట్టు ఉంది, వాలు ఉంది. వాటి దగ్గర కూర్చునే తీరిక, ఎవరూ లేపి పంపేయరన్న ధీమా ఉండాలి. "ఆదివాసీలను ప్రకృతి దగ్గరికి తీసుకెళ్తే మనసు కుదుటపడుతుంది" అని ఈ మధ్య కొందరు చెప్పడం విన్నాను. గార్డు ఎప్పుడు వస్తాడో అని వెనక్కి చూస్తూ నిలబడే కొండ ఎవరి మనసునూ కుదుటపరచదు. హక్కు లేని నేల మీద మనిషికి నిద్ర పట్టదు.

మా తాతను పోలీసులు పట్టుకెళ్లింది 1969లో. మూడు నెలలకు వదిలారు, కుడికాలు ఈడుస్తూ వచ్చాడు. ఆ తర్వాత కుటుంబమంతా కిందికి దిగి ఒక రైతు దగ్గర పదకొండేళ్లు కంబారిగా ఉన్నారు. నేను ఆ రైతు పశువుల పాకలో పుట్టాను. మళ్లీ కొండెక్కి పోడు మొదలుపెట్టాక కూడా దొంగల్లాగే. వెళ్లడం, చల్లడం, కోయడం, దిగిపోవడం. వాలు మీద కూర్చుని ఒక పూట అన్నం తిన్నది లేదు.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. దాని పీఠికలోనే అడవి బిడ్డలకు "చారిత్రక అన్యాయం" జరిగిందని రాసి ఉంది. చట్టం చదివి నేను ఏడ్చింది ఆ ఒక్కచోటే. ప్రభుత్వమే ఆ మాట అనడం చిన్న విషయం కాదు. 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న భూమికి, నాలుగు హెక్టార్లకు మించకుండా, హక్కు ఇవ్వాలి. భార్యాభర్తలిద్దరి పేరా ఇవ్వాలి. అమ్మడానికి వీల్లేదు, బిడ్డలకు మాత్రం వస్తుంది. గ్రామసభ కూర్చుంది, వాలు కొలిచారు, 2010లో పత్రం వచ్చింది. అందులో మా నాన్న పేరుతో పాటు మా అమ్మ పేరు ఉంది. ఆమె పేరు అచ్చులో చూడటం రేషన్ కార్డు తర్వాత అదే. పత్రాన్ని ఆమె తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత ప్లాస్టిక్ కవరులో పెట్టి, నడుముకు దోపుకుని కొండెక్కింది. మా తాత పేర నిలిపిన రాయి దగ్గర ఆ కవరు పెట్టి, సవరలో ఏదో చెప్పింది. ఆ మాటలు నేను వినలేదు, అడగనూ లేదు.

ఆ ఏడు కంది కోతకు నేను సెలవు పెట్టి వెళ్లాను. మొదటిసారి వాలు మీద తీరిగ్గా కూర్చున్నాం. పైన ఒక బండ నీడన మూడు రాళ్లు ఉన్నాయి, లోపలి వైపు ఇంకా నల్లగానే. అమ్మ వాటి పక్కన కూర్చుని ఒక రాయి మీద అరచెయ్యి పెట్టింది. అప్పుడు చెప్పింది.

వాళ్లు ఎనిమిది ఇళ్లవాళ్లు ఆ బండ కింద నెలల తరబడి ఉన్నారట. తెల్లవారుజాము మంచులో పొగ కలిసిపోతుంది కాబట్టి అప్పుడే వంట. పగలు కొండ మీద పొగ లేస్తే కింద నుంచి కనిపిస్తుంది, కనిపిస్తే వస్తారు. ఒకరోజు మరిది బిడ్డ, ఏడాది పసివాడు, జ్వరంతో ఏడుపు ఆపడం లేదు. వేడి గంజి చుక్క తాగిస్తే ఊరుకుంటాడని పట్టపగలు పొయ్యి వెలిగించారు. వెలిగించింది మా అమ్మే. అప్పటికి ఆమెకు పదిహేడేళ్లు, కొత్త కోడలు. సాయంత్రానికి వచ్చారు. మామగారిని పట్టుకెళ్లారు. కాలు విరిగి వచ్చిన ఆ మనిషి ఎప్పుడూ కోడలిని ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆమెను నలభై ఏళ్లు కాల్చింది.

నేను నర్సును, ఎవరైనా ఏడిస్తే ఏం చెప్పాలో నాకు నేర్పారు. ఆ రోజు ఏమీ చెప్పలేదు. కంది కట్ట పక్కన పెట్టి ఆమె దగ్గర కూర్చున్నాను. చాలాసేపు అయ్యాక ఆమే లేచి, "ఆ బిడ్డ గంజి తాగాడు" అంది. ఆ బిడ్డ మా చిన్నాన్న కొడుకు. ఇప్పుడు ఆయనకు మనవలు ఉన్నారు.

నెల తర్వాత కందికొత్త పండుగ. అది అయ్యేదాకా మా ఊళ్లో ఎవరూ కొత్త కంది నోట పెట్టరు, ముందు పెద్దలకు పెట్టాలి. మా అమ్మ ఆ ఏడు ఇంటి దగ్గర వండలేదు. కంది, కొర్రబియ్యం, కుండ నెత్తిన పెట్టుకుని వాలెక్కింది. ఆ మూడు రాళ్ల మధ్య బూడిద ఊడ్చి, ఎండు పుల్లలు పేర్చి, అగ్గిపుల్ల గీసింది. సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. పుల్లలు కాస్త పచ్చివి, పొగ బాగా వచ్చింది. బండ మీదుగా నిలువుగా లేచింది. కింద గెడ్డ అవతల రోడ్డు మీద ఏదో జీపు పోతున్న చప్పుడు వినబడింది. నేను అటు చూశాను. మా అమ్మాయి నన్ను చూసింది. మా అమ్మ మాత్రం వంగి పొయ్యి ఊదుతూ, "కంది ఇంకా ఉడకలేదు, ఇంకో రెండు పుల్లలు తే" అంది.